కింది మామ్మగారి చేపల ముద్ద

ఇలా రావే అమ్మడూ, ఆ అలమర తలుపు దగ్గరగా వేసి నా పక్కన కూర్చో. ముక్కు మీద వేళ్ళు తియ్యి, ఏమీ కాదు. ఇందాక ఆ సీసా మూత తీసి, "ఛీ, ఏంటమ్మమ్మా, ఇందులో ఏదో చచ్చింది" అన్నావు చూడు, సరిగ్గా ఆ మాటే నేనూ అన్నాను ఒకప్పుడు. అప్పుడు నాకు నీ కంటే కాస్త ఎక్కువ వయసు, అంతే. కాబట్టి నీ మీద కోపం లేదు. కానీ ఒక్క సంగతి చెప్తాను, విను. ఆ సీసాలో ఉన్నది లేకపోతే మీ అమ్మ లేదు. మీ అమ్మ లేకపోతే నువ్వెక్కడి నుంచి ఊడిపడేదానివి? అందుకని దాన్ని ఛీ అనేది ఏదో, కథంతా విన్నాక అందువు గాని.

మీ తాతయ్యకి పరాయి దేశంలో ఓడలు బాగుచేసే చోట వెల్డింగ్ పని దొరికింది. మాకు పెళ్ళయి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆ ముందు ఏడాదే నాకు ఒక కడుపు నిలవక పోయింది. అయిదో నెల దాటలేదు. ఆ ఇంట్లో, ఆ మంచం మీద పడుకోవాలంటేనే నాకు భయంగా ఉండేది. మీ తాతయ్య అది చూస్తూనే ఉన్నారు. ఒకరోజు పనిలోంచి వచ్చి, చొక్కా విప్పుతూ, "దూరంగా పోదామా" అన్నారు. ఎంత దూరం అని కూడా అడగలేదు నేను. పెట్టె సర్దాను.

మేము దిగింది ఒక పాత ఇల్లు. కింద ఇంటావిడ, పైన మేము. మధ్యలో చెక్కమెట్లు. ఒక్కో మెట్టు ఒక్కో రకంగా మూలిగేది. పైన ఒకే గది, వీధి వైపు ఒక కిటికీ, వంటగది అని మనం ముద్దుగా పిలుచుకోవాల్సిన ఒక మూల. కింద ఉండే ఇంటావిడ ఒంటరిది, మోకాళ్ళ నొప్పులు, పైకి ఎక్కలేదు. ఆవిడ పేరు నా నోటికి ఎప్పుడూ తిరగలేదు. నా పేరు ఆవిడ నోటికీ తిరగలేదు, సరికి సరి. మేమిద్దరం ఆవిణ్ణి కింది మామ్మగారు అనుకునేవాళ్ళం.

అడుగుపెట్టిన రోజే ఆ వాసన తగిలింది. మెట్ల కింద గూట్లోంచి వచ్చేది. తడిసిన కుక్క, ఎండని సాక్సు, సముద్రం, మూడూ కలిసి మనింటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుండేది. కిటికీ తీసినా పోదు, అగరొత్తి వెలిగిస్తే దాన్ని కూడా తనలో కలిపేసుకునేది. ఎలక చచ్చిందేమోనని మీ తాతయ్య మెట్ల కింద వంగి చూస్తే, ఎలక కాదు, జాడీ. మూత మీద రాయి పెట్టి, రాయి మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ ఉతికి ఇస్త్రీ చేసినట్టుంది. అంత మర్యాద చేసి పెట్టుకున్నదాన్ని ఏమంటాం?

ఆ వీధి మలుపులో మనవాడే ఒక దర్జీ ఉండేవాడు. ఆ దేశం వెళ్ళి ఎంతో కాలమైంది, అక్కడి మాట అక్కడివాళ్ళకంటే బాగా మాట్లాడేవాడు. వరసేమీ లేకపోయినా నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన మీ తాతయ్యని అల్లుడూ అనేవాడు. ఆయన్ని అడిగాం ఏమిటా జాడీ అని.

చిన్న చిన్న చేపలట. ఉప్పులో పెట్టి, జాడీలో తొక్కి, నెలల తరబడి ఊరబెడతారట. చివరికి నల్లటి ముద్దవుతుంది. దుకాణాల్లో సీసాల్లో దొరుకుతుంది గానీ, మంచి ఇల్లు అనిపించుకోవాలంటే ఎవరి జాడీ వాళ్ళకి ఉండాల్సిందే. ఆ దేశంలో పుట్టినవాడికి తల్లిపాల తర్వాత అదేనని బాబాయి చెప్పాడు.

"అమ్మాయ్, అది కంపు అని మాత్రం ఎక్కడా పైకి అనకు," అన్నాడు. "వీళ్ళ జెండా మీద చేప బొమ్మ లేదు గానీ, ఉండాల్సింది."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆవిడ భర్త పోయిన దగ్గర్నుంచీ ఆ జాడీలోది ఎవరికీ పెట్టడం లేదట. అలవాటు కొద్దీ ఊరవేస్తుంది, తను ఒక్కతే తింటుంది. కాబట్టి మీకేం భయం లేదన్నాడు.

ఆయన ఏ ముహూర్తాన అన్నాడో, ఆ వారమే మెట్ల కటకటాల మీద చెంచాతో కొట్టిన చప్పుడు వినిపించింది. ఆవిడ పైకి ఎక్కలేదు గనక అదే పిలుపు. కిందికి వెళ్తే చేతిలో తెల్ల గిన్నె, దానికి నీలం అంచు, అందులో ఆ నల్ల ముద్ద. తినమన్నట్టు నోటి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. ఆ ముఖం చూస్తే నాకు కాదనబుద్ధి పుట్టలేదు. రెండు చేతులా అందుకున్నాను.

ఇక ఇక్కడ మేము చేసిన ఘనకార్యం విను. మనకి ఇలా నంజుకునే సరుకు కనిపిస్తే తెలిసిన పద్ధతి ఒక్కటేగా. వేడి అన్నం వండాను. పళ్ళెంలో పెట్టి, ఊరగాయ వేసుకున్నట్టే దాని మీద పెద్ద చెంచాడు వేశాను. మీ తాతయ్య పైనుంచి కింది దాకా ఎర్రగా, కాదు కాదు, నల్లగా కలిపి, నాకొక ముద్ద, తనకొక ముద్ద చేశారు. ఇద్దరం ఒకేసారి నోట్లో పెట్టుకున్నాం.

ముందు ఉప్పు. ఉప్పంటే ఉప్పు కాదమ్మడూ, సముద్రంలో మునిగేవాడి నోట్లోకి పోయేంత ఉప్పు. తర్వాత ఒక చేదు. ఆ తర్వాత నోట్లోంచి కాకుండా ముక్కు వెనక నుంచి ఏదో లేచి, చెవులు వేడెక్కి, కళ్ళలో నీళ్ళు. మింగలేక కక్కలేక నేను గోడ వైపు తిరిగాను. మీ తాతయ్య కూజా ఎత్తి నీళ్ళన్నీ తాగేశారు. మూతి తుడుచుకుని, ఏమీ జరగనట్టు, "తుప్పు పట్టిన బోల్టులకి రాస్తే చక్కగా ఊడొస్తాయి. రేపు షెడ్డుకి పట్టుకెళ్తా," అన్నారు.

హాస్యానికే అన్నారు గానీ నిజంగానే పట్టుకెళ్ళారు. పారెయ్యడానికి మనసొప్పదు కదా, ప్రేమగా పెట్టిన తిండి. అక్కడ అన్నాల వేళ డబ్బా మూత తీసేసరికి, అప్పటిదాకా మీ తాతయ్యతో ఒక్క మాట కలపని వాళ్ళంతా తలలు తిప్పారట. ఇంట్లో ఊరవేసినది వాసనలోనే తెలుస్తుందట వాళ్ళకి. బల్ల మీద జరిగి చోటిచ్చారు. డబ్బా నాకినంత పని చేశారు. ఆ రోజు నుంచి మీ తాతయ్య ఒంటరిగా భోంచెయ్యలేదు. అది ఆ గిన్నె చేసిన మొదటి మేలు. అప్పటికి దాన్ని మేలు అని మేమనుకోలేదు, ఏదో గండం గడిచిందనుకున్నాం.

గిన్నె కడిగాను. ఇప్పుడు తిరిగివ్వాలి. మా అమ్మ ఎన్ని పద్ధతులు నేర్పినా నేను అన్నీ మరిచిపోయాను గానీ ఒక్కటి మాత్రం ఒంట్లో దిగిపోయింది. ఇంకొకరి గిన్నె మనింట్లోంచి ఖాళీగా వెళ్ళకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపాలి. నేను వేయించిన పల్లీలు నింపి ఇచ్చాను. కింది మామ్మగారు పల్లీల వైపు చూసింది, నా వైపు చూసింది, ఆవిడ ముఖం పొయ్యి రాజుకున్నట్టు వెలిగింది. తర్వాతి వారం చెంచా మళ్ళీ మోగింది. ఈసారి గిన్నె నిండా, అంచు దాటి గోపురంలా.

నేను నిమ్మకాయలు పెట్టి పంపాను. గిన్నె మళ్ళీ వచ్చింది. పంచదార పంపాను. మళ్ళీ వచ్చింది. షెడ్డులో వాళ్ళు మీ తాతయ్యని చూడగానే చేతులు కడుక్కునే దాకా వచ్చింది వ్యవహారం.

దర్జీ బాబాయి ఒకరోజు మిషను ఆపి నవ్వాడు. "నువ్వు నింపి పంపుతుంటే ఆవిడేమనుకుంటుందమ్మాయ్? తిన్నారు, మురిసిపోయారు, ఇంకా కావాలంటున్నారు అనుకుంటుంది. ఒక్కసారి ఖాళీ గిన్నె ఇచ్చి చూడు, దానంతటదే ఆగుతుంది."

"ఖాళీ గిన్నె ఎలా ఇస్తాం బాబాయ్?"

"చేత్తోనే."

"నా వల్ల కాదు."

"అయితే తిను."

"అదీ నా వల్ల కాదు."

"అయితే ఆ షెడ్డులో వాళ్ళు ఎవరో పెట్టి పుట్టారు," అని మళ్ళీ మిషను తొక్కుకున్నాడు.

అదిగో, అక్కడ నా మొండితనం పనికొచ్చింది. నేను గనక ఆయన మాట విని ఒక్కసారి ఖాళీ గిన్నె ఇచ్చి ఉంటే, ఆ రాకపోకలు అక్కడితో తెగిపోయేవి. మీ అమ్మ సంగతి ఏమయ్యేదో. మా అమ్మ ఏ లోకాన ఉన్నా ఆవిడకి దణ్ణం.

చలికాలం మొదట్లో నాకు నెల తప్పింది. సంతోషం పట్టలేక మీ తాతయ్య గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచారు, ఆ గదిలో అంతకంటే నడవడానికి చోటు లేదు. నాకు మాత్రం సంతోషం కంటే భయమే ముందు వచ్చింది. వెనకటిది గుర్తుంది కదా. ఆ భయం మీద వేవిళ్ళు పట్టుకున్నాయి. అందరికీ వచ్చేవి కావమ్మా అవి. అన్నం ఉడుకుతున్న వాసన వస్తే వాంతి. పాలు చూస్తే వాంతి. మంచినీళ్ళు తాగితే అవీ నిలిచేవి కాదు. గోరుచుట్టు మీద రోకటిపోటులాగా మెట్ల కిందనుంచి ఆ వాసన ఒకటి. మీ తాతయ్య తలుపు కింద సందులో తువ్వాళ్ళు కుక్కేవారు. పనికి వెళ్ళేముందు వంట తనే చేసేవారు, పాపం, అడుగు మాడ్చి, పైన పలుకు మిగిల్చి. అది తిననందుకు మాత్రం నన్నెవరూ తప్పు పట్టలేరు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచిది. బాబాయిని తోడు తీసుకెళ్ళేవాళ్ళం మాట కోసం. ఆవిడ నన్ను తూకం మీద నిలబెట్టి, ముల్లు చూసి, కాగితం మీద రాసుకుంది. తర్వాత బాబాయితో నెమ్మదిగా చెప్పింది. ఆయన మామూలుగా ఒకటికి రెండు కలిపి చెప్పేవాడు, ఆ రోజు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఏదైనా సరే, కడుపులో నిలిచేది తినాలి. ఏదని లేదు, నిలవడం ముఖ్యం. వచ్చేసారికి బరువు ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకోవాలి, అప్పుడు కూడా బిడ్డ సంగతి తను మాటివ్వలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో మీ తాతయ్య నా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. దిగాక అన్నారు, "నాకు నువ్వుంటే చాలు. తెలిసిందా?" తెలిసింది. అయినా నాకు నేను చాలను కదా. నాకు బిడ్డ కావాలి.

ఇదంతా జరుగుతుంటే కింది మామ్మగారు ఏం చేస్తోంది? వింటోంది. చెక్క ఇల్లు, పైన ఎవరు దగ్గినా కింద వినిపిస్తుంది. వాంతుల చప్పుడు వింది. పనికి వెళ్తూ మీ తాతయ్య తలుపు కింద తువ్వాలు సర్దడం మెట్ల మొదట్లో నిలబడి చూసింది. చెంచా మోగడం ఆగిపోయింది. నాకది అప్పుడు తోచలేదు. ఒక ఉదయం ఆవిడ మీ తాతయ్యని చెయ్యి పట్టి ఆపి, జాడీ చూపించి, పెరడు చూపించింది. ఇద్దరూ కలిసి దాన్ని ఎత్తుకుని పెరట్లో కట్టెలు పెట్టుకునే కొట్టంలోకి మార్చారు. ఆ మోకాళ్ళతో, ఆ బరువు. అవతలి గోడకి చెయ్యి ఆనించుకుని ఆయాసం తీర్చుకుందని మీ తాతయ్య తర్వాత చెప్పారు. తను ఎంతో అపురూపంగా చూసుకునేదాన్ని, నిన్న కాక మొన్న వచ్చిన ఒక పరాయి పిల్ల కోసం ఇంట్లోంచి బయట పెట్టింది. అది నేను ఎన్నిసార్లు తలుచుకుంటానో నీకు చెప్పలేను.

ఆ మధ్యాహ్నం నేను మంచం మీద పడి ఉన్నాను. ఏదో తక్కువైంది. గోడ గడియారం ఆగిపోతే, దాని చప్పుడు లేదని ఎప్పటికో తెలుస్తుంది చూడు, అలాగ. ఏం తక్కువైందా అని పడుకునే వెతుకుతున్నాను. వాసన. ఆ వాసన లేదు. హమ్మయ్య అనుకోవాలి కదా? అనుకోలేదు. నోట్లో నీళ్ళు ఊరాయి. ఎన్ని రోజుల తర్వాత ఊరాయో, వాంతికి ముందు ఊరే నీళ్ళు కావవి, ఆకలి నీళ్ళు. నాకే నమ్మకం కుదరలేదు. ఛీ ఛీ, ఇదేం బుద్ధి అని దుప్పటి కప్పుకున్నాను. దుప్పటి లోపల కూడా అదే ధ్యాస. కడుపులో ఉన్నవాళ్ళకి మన సిగ్గూ ఎగ్గూ పట్టవు కదా.

లేచాను. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి, అందుకని మెట్ల మీద కూర్చుని, పాకే పిల్లలా ఒక్కొక్కటే జారుకుంటూ దిగాను. గూట్లో జాడీ లేదు. ఇక ముక్కే దారి చూపించింది. వంటగది దాటి, పెరటి తలుపు తీసి, చలిలో చెప్పులు కూడా లేకుండా కొట్టంలోకి వెళ్ళాను. గుడ్డ తీశాను, రాయి దించాను, మూత తీశాను. ఇదివరకు ఏ వాసనకి ముక్కు మూసుకున్నానో, ఆ వాసనని గుండె నిండా పీల్చాను. పీల్చి, నాలుగు వేళ్ళూ ముంచబోయాను.

వెనకనుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. కింది మామ్మగారు. భుజం మీద తడి దుప్పటి, ఆరేస్తూ ఆరేస్తూ వచ్చినట్టుంది. నన్ను చూసింది, నా కాళ్ళు చూసింది, ముంచబోయిన నా చేతిని చూసింది. నేను దొంగలా నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. తడి దుప్పటి అక్కడే కట్టెల మీద పడేసి, నన్ను నడిపించుకుంటూ వంటగదిలోకి తీసుకెళ్ళి, పొయ్యి పక్క కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ మీద తన శాలువా వేసింది.

అప్పుడు చూశానమ్మడూ, దాన్ని ఎలా తినాలో. రొట్టె ముక్క ఒకటి కోసి, నెయ్యీ నూనే ఏమీ లేకుండా, గట్టిగా అప్పడంలా విరిగేదాకా కాల్చింది. కొట్టంలో జాడీలోంచి చిన్న పళ్ళెంలో కాస్త తెచ్చి, చాకు కొనతో మీ తాతయ్య గోరంత తీసి, రొట్టె మీద రాసింది. అయిపోయిందనుకున్నాను. అవలేదు. రాసినదాన్ని మళ్ళీ చాకుతో గీకేసింది. రొట్టె మీద ఒక మరక మిగిలింది, అంతే. దాన్ని నా చేతిలో పెట్టి, "కొంచెం," అంది వాళ్ళ మాటలో. ఆ మాట నాకు వచ్చు. దుకాణంలో పప్పు కొలిపించుకునేటప్పుడు నేర్చుకున్నాను.

కొరికాను. రొట్టె కరకరమంది, ఆ వెనకే సన్నగా ఉప్పదనం, ఆ వెనక ఏదో లోతైన రుచి. వాన వెలిశాక పొయ్యి రాజేస్తే ఇల్లంతా వచ్చే హాయి ఉంటుందే, నోటికి అలాంటిది వచ్చింది. చేదు లేదు. చెవులు వేడెక్కలేదు. మేము పెద్ద చెంచాడు పోసుకుని చంపుకున్న రుచి, ఇన్నాళ్ళూ ఆ మరకలో దాక్కుని ఉంది.

తిన్నాక ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. పొయ్యి మీద పాలు పెట్టి పొంగుతాయేమోనని చూస్తామే, అలా ఆవిడ నా ముఖం చూస్తోంది, నేను నా కడుపు చూసుకుంటున్నాను. పొంగలేదు. ఇంకాస్త చూశాం. పొంగలేదు. ఆవిడ లేచి ఇంకో ముక్క కాల్చింది. దాని తర్వాత గోరువెచ్చని పాలు ఇచ్చింది. అవీ నిలిచాయి. నేను ఏడ్చాను. ఎందుకో ఆవిడ అడగలేదు. ఆడదానికి చెప్పాలా?

కాస్త తేరుకున్నాక ఆవిడకి అనుమానం వచ్చింది. ఇన్నాళ్ళూ మీరు దీన్ని ఎలా తిన్నారు అని సైగ చేసింది. నేను ఉత్త పళ్ళెంలో అన్నం పోసినట్టు, దాని మీద పెద్ద చెంచాడు వేసినట్టు, అయిదు వేళ్ళతో కలిపినట్టు, ఇంత ముద్ద చేసి మింగినట్టు అభినయించి చూపించాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మోకాళ్ళు పట్టుకుని, కొంగు లేదు గనక శాలువా అంచుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వు వినడం నాకదే మొదలు. నవ్వి నవ్వి ఆగి, నా చెంప నిమిరింది. అలా తిని కూడా గిన్నె నింపి పంపాను అనుకుందేమో. షెడ్డులో పంచుకుతిన్న సంగతి తర్వాత బాబాయి చేత చెప్పించాను. దానికి ఇంకా సంతోషించింది, అంతమంది తిన్నారా అని.

సాయంత్రం మీ తాతయ్య వచ్చి పైన మంచం ఖాళీగా చూసి, కిందికి పరుగెత్తుకొచ్చారు. పొయ్యి పక్కన నేను శాలువాలో కూర్చుని రొట్టె కొరుకుతున్నాను. ఆ మనిషి చేతిలో అన్నం డబ్బాతో గుమ్మంలోనే ఆగిపోయారు. "ఈ వాసన ఇంత బాగుంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదు," అన్నారు. అని, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి జాడీ ఎత్తుకొచ్చి మళ్ళీ మెట్ల కింద గూట్లో పెట్టారు. తలుపు సందులో తువ్వాళ్ళు తీసి ఉతకడానికి వేశారు.

మర్నాటి నుంచి చెంచా మళ్ళీ మోగింది, రొట్టె కాల్చి పెట్టి పిలిచేది. రొట్టె నిలిచాక గుడ్డు నిలిచింది, గుడ్డు వెనక అన్నం నిలిచింది. డాక్టరమ్మ తూకం ముల్లు చూసి, ఏం తింటున్నావని బాబాయి చేత అడిగించింది. చెప్తే కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. తను కడుపులో ఉన్నప్పుడు వాళ్ళమ్మ కూడా ఇదే తినేదట అని చెప్పి, ఉప్పు ఎక్కువ కదా, నీళ్ళు బాగా తాగు, పాలూ గుడ్లూ మానకు అని జాగ్రత్తలు చెప్పింది. బాబాయి బయటికి రాగానే, "డాక్టరమ్మలు కూడా జాడీలోంచే వస్తారన్నమాట," అన్నాడు.

అయిదో నెల వచ్చింది. ఆ నెలంతా నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. దాటింది. అక్కడి ఎండాకాలం నడిమధ్యలో మీ అమ్మ పుట్టింది, గుప్పెడు జుట్టుతో, ఊరంతా వినేలా ఏడుస్తూ. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజు, మెట్ల దగ్గర కింది మామ్మగారి కోసం చూస్తే కనిపించలేదు. పైకి వచ్చి తలుపు తీస్తే గది వెచ్చగా ఉంది, పక్క పరిచి ఉంది, ఆవిడ మా కుర్చీలో కూర్చుని ఉంది. ఆ మోకాళ్ళతో ఆ మెట్లు ఎలా ఎక్కిందో ఎవరూ చూడలేదు. చేతులు చాపింది. నేను మీ అమ్మని ఆ చేతుల్లో పెట్టాను. ముందు నా తల్లి చేతుల్లో పెట్టాల్సింది, ఆవిడ లేదు కదా. ఆ లోటు ఆ రోజు నాకు తెలియలేదు.

మీ అమ్మకి పళ్ళొస్తున్న రోజుల్లో కింది మామ్మగారు చిటికెన వేలి కొసతో చుక్కంత తీసి దాని నాలిక్కి రాసింది. మీ అమ్మ ముఖం ముడుచుకుని ముసలి జడ్జిగారిలా అయిపోయింది. మేమంతా చూస్తున్నాం, మిషను వదిలేసి వచ్చిన బాబాయితో సహా. ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. ఆలోచించింది. ఆలోచించి, మళ్ళీ నోరు తెరిచింది. కింది మామ్మగారు ఏదో అంటూ దాన్ని గుండెకి హత్తుకుంది.

బాబాయి మాకు చెప్పాడు, "ఈ పిల్ల మాది అంటోంది. జాగ్రత్త అల్లుడూ, జాడీ పక్కన దాచేయగలదు."

మీ అమ్మ నడక నేర్చాక అక్కడి పని అయిపోయింది, మేము తిరిగి వచ్చేయాల్సి వచ్చింది. వెళ్ళే రోజు ఆవిడ నీలం అంచు గిన్నె నా చేతిలో పెట్టింది. చూస్తే ఖాళీ. నాకు ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. అప్పుడు బాబాయి ఆవిడ మాటలు నాకు చెప్పాడు.

"ఖాళీగా తిరిగివ్వడం నీకు చేతకాదు కదా. అందుకే ఖాళీగా ఇస్తున్నాను. నింపి పంపించు."

పంపించాను. బాబాయి రెండు మూడేళ్ళకోసారి ఇటు వచ్చేవాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన పెట్టెలో బట్టల మధ్య ఆ గిన్నె. ఒకసారి ఎండు మిరపకాయలు పెట్టాను, ఒకసారి మీ అమ్మ చిన్నప్పటి గౌను మడిచి పెట్టాను. మళ్ళీ వచ్చినప్పుడు ఆ గిన్నె మూతబిగించుకుని నల్ల ముద్దతో వచ్చేది. బాబాయి బట్టలన్నీ ఆ వాసనే. "నన్ను దర్జీ అనడం మానేశారమ్మాయ్, చేపలవాడు అంటున్నారు" అని తిట్టుకుంటూనే మోసేవాడు. సముద్రాలు దాటి ఆ గిన్నె ఎన్నిసార్లు తిరిగిందో, ఒక్కసారీ ఖాళీగా తిరగలేదు.

ఆఖరిసారి బాబాయి గుమ్మంలోకి వచ్చి ఏమీ తిట్టుకోలేదు. అప్పుడే నాకు అర్థమైంది. గిన్నె చేతికిచ్చాడు. అందులో రాళ్ళుప్పు ఉంది. ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే, మెట్ల కింద గూట్లో, వచ్చే ఏడాది చేపల కోసం తెచ్చిపెట్టుకున్న ఉప్పు కనిపించిందట. తనే గిన్నె నింపుకొచ్చాడు. "ఖాళీగా తెస్తే నువ్వు గుమ్మం ఎక్కనివ్వవు కదా," అన్నాడు. ఆ ఉప్పు నేను చాలా కాలం వాడాను. చిటికెడు చిటికెడు, ఆవిడ చెప్పినట్టే, కొంచెం.

ఇప్పుడు అలమరలో ఉన్న సీసా మీ అమ్మ ఎక్కడి నుంచో తెప్పించుకుంటుంది. దుకాణం సరుకు, ఆవిడ చేతిదానికి సాటిరాదు. అయినా మీ అమ్మకి నెలకోసారి అది పడాల్సిందే. ఎందుకో నీకిప్పుడు తెలిసింది.

ఆ సీసా పక్కన నీలం అంచు గిన్నె ఉంది చూడు, అది తీసుకురా. ఇదిగో, పట్టుకో. వంతు నాది, నింపి పంపాల్సింది నేను. అందుకోవడానికి ఆవిడ లేదు. ఆ బాకీ తీర్చాలనీ నాకు లేదు, తీరిపోతే ఆవిడ నిజంగా వెళ్ళిపోయినట్టు ఉంటుంది. మన మేడ మీద గదిలో కొత్తగా ఎవరైనా దిగితే నేను ఇందులోనే ఏదో ఒకటి పెట్టి పంపుతాను. వాళ్ళు ముఖం చిట్లించినా ఫర్వాలేదు. నా తర్వాత నువ్వు పంపు. పంపుతూ ఈ కథ కూడా చెప్పు. చెక్కమెట్లు, తువ్వాళ్ళు, మీ తాతయ్య బోల్టుల మాట, అన్నీ చెప్పు, ఒక్కటీ వదలకు. కింది మామ్మగారి పేరు నాకు రాదు, నీకూ రాదు, అందుకని కథైనా గుర్తుండాలి.

సరే, ఇక లే. రొట్టె గట్టిగా కాల్చుకురా, చాకు కూడా తీసుకురా. నేను రాసిస్తాను. భయపడకు, కొంచెమే.